అమ్మ పెళ్లినాటి బీరువాకి రంగు

పాత ఇనప సామాన్లు కొనే అతను బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. కాళ్ల దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు. "రెండు వేల రెండొందలు ఇస్తానండి, అద్దం మీరే ఉంచేసుకోండి" అన్నాడు. వంటింట్లో అరిసెలు వత్తుతున్న అమ్మ ఆ మాట వినేసి నూనె చేతులతోనే బయటికొచ్చింది. "అమ్మడానిక్కాదు బాబూ" అని అతణ్ని పంపించేసి నావైపు తిరిగింది. "భోగిమంటలో వేద్దామంటే చెక్కది కాదని కాటాకి పెడుతున్నావుటే?"

అతణ్ని పిలిచింది నేనే. పండక్కి కాకినాడ వచ్చినప్పుడల్లా ఆ బీరువా తలుపు తీస్తే తుప్పు రాలి, ఊడ్చిన గచ్చు మళ్లీ ఊడ్చాల్సి వచ్చేది. కొత్తది కొనిస్తానంటే అమ్మ వద్దంటుంది. "సరే, అయితే దీనికి రంగైనా వేద్దాం" అన్నాను. ఏదో మాటవరసకి అన్న మాట అది. తర్వాత రెండు వారాలు దానికే సరిపోయాయి.

1984లో అమ్మ పెళ్లికి తాతయ్య 1,800 రూపాయలు పెట్టి కొన్న బీరువా అది. మా ఇంట్లో దాన్ని గాద్రెజ్ బీరువా అనే అంటాం. నిజానికి ఊళ్లోనే ఏదో షెడ్డులో రేకు వంచి, వెల్డింగ్ చేసి ఇచ్చింది. గాద్రెజ్ వాళ్లు ఉక్కు బీరువాలు 1923లో మొదలుపెట్టారు. ఆ పేరు మన ఇళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, సందు చివర షాపులో చేసినదైనా గుమ్మంలోకి వచ్చేసరికి గాద్రెజ్ అయిపోతుంది. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. కుడి తలుపుకి నిలువుటద్దం. ఒకప్పుడు ముదురాకుపచ్చ, ఇప్పుడు నాచుపట్టిన గోడ రంగు. సముద్రం పక్క ఊరు కదా, ఇక్కడ ఇనుము తిన్నగా ఉండదు. దానికితోడు 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి ఇంట్లోకి చీలమండల దాకా నీళ్లొచ్చాయి. ఆ రాత్రి కింది అరలో తడిసిన పట్టుచీరలు అమ్మకి పేరుపేరునా గుర్తున్నాయి. బీరువా కాళ్లు కూడా తడిశాయన్న సంగతి మాత్రం ఇరవై ఎనిమిదేళ్లు ఎవరికీ పట్టలేదు.

మొదట స్ప్రే పెయింటింగ్ షెడ్డులో అడిగాను. 7,500 అన్నారు, బీరువా వాళ్ల దగ్గర ఐదు రోజులు ఉంచాలన్నారు. డబ్బు సంగతి తర్వాత, ముందు అమ్మే ఒప్పుకోలేదు. లక్ష్మి ఉండే పెట్టె గుమ్మం దాటదట. పెరటి వసారా గుమ్మం లోపలా, బయటా అన్నదాని మీద కాసేపు వాదన జరిగి, పైన కప్పు ఉంది కాబట్టి లోపలే అని తేలింది. సరే, కనుమ రోజు ఖాళీగానే ఉన్నాంగా, జరిపేద్దామన్నాను. "కనుమ నాడు కాకి కూడా కదలదు, నువ్వు బీరువాని కదుపుతావా?" అంది. శుక్రవారం అసలే కుదరదు. మధ్యలో మిగిలింది గురువారం ఒక్కటే. అలా 2025 జనవరి 16న మా పని మొదలైంది.

ఖాళీ చెయ్యడానికే పూటంతా పట్టింది. చీరల మధ్య కలరా ఉండలు కరిగి కరిగి శనగగింజలంత అయ్యాయి. అరల్లో పరిచిన పేపర్లు పసుపుపచ్చగా మారి, పట్టుకుంటే అప్పడాల్లా విరిగాయి. ఎప్పుడో రద్దయిపోయిన ల్యాండ్‌లైన్ బిల్లులు ఒక కట్ట దొరికితే, అమ్మ వాటిని పారెయ్యకుండా జాగ్రత్తగా వేరే సంచిలో పెట్టింది. మా ఆయన, పక్కింటి బాబాయిగారు, ఆయన ఇద్దరు కొడుకులు కలిసి బీరువాని పాత దుప్పటి మీదికి ఎక్కించి, గచ్చు మీద దుప్పటితో పాటు లాక్కుంటూ వసారాలోకి తెచ్చారు. ఇది మంచి ఉపాయం. ఎత్తబోతే కాళ్లు విరిగేవి, మావో బీరువావో చెప్పలేను. శుక్రవారం పూట ఉత్త బీరువా ఉండకూడదని అమ్మ లాకర్లో ఒక రూపాయి బిళ్ల, రెండు పసుపు కొమ్ములు పెట్టి తాళం వేసింది. రంగు పని అయ్యేదాకా అవి అక్కడే ఉన్నాయి.

ఎదురింటికి రంగులు వేస్తున్న మేస్త్రీ ఒకాయన గోడ మీంచి ఇదంతా చూస్తున్నాడు. సాయంత్రం పని దిగాక వచ్చి, తలుపు మీద గోరుతో గీకి, "రంగు వెయ్యడం ఆఖరి రోజు పనండి. ముందంతా గోకుడేనండి ఆయ్" అన్నాడు. నేను నవ్వాను. వీడియోల్లో పది నిమిషాల్లో అయిపోతుంది కదా అనుకున్నాను. ఆ వీడియోల్లో గోకేదంతా కత్తిరించేస్తారని నాకప్పటికి తెలీదు.

ఎమరీ పేపరుతో పొడిగా రుద్దడం మొదలుపెట్టగానే ఆకుపచ్చ ధూళి లేచింది. అప్పుడు గుర్తొచ్చింది, పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చని ఎక్కడో చదివాను. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. ఈ బీరువా 1984 నాటిది. మా అబ్బాయి అక్కడే నిలబడి ఆ ధూళిలో వేలితో బొమ్మలు గీస్తున్నాడు. వాణ్ని తీసుకెళ్లి చేతులు కడిగించి, వసారాలోకి రావద్దని చెప్పి, అక్కణ్నించి పాత రంగు మీద ఎక్కడ రుద్దినా నీళ్లు తడుపుతూ వాటర్ పేపరుతోనే రుద్దాను. ముక్కుకి మంచి మాస్కు. రుద్దిన బురదని గుడ్డతో తీసి కవర్లో కట్టేశాను, పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లోకి వదల్లేదు. పాత ఫర్నిచర్ గోకేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలుంటే, మిగతావన్నీ మర్చిపోయినా దీన్ని మర్చిపోకండి.

తడిపి రుద్దితే ఇంకో చిక్కు. రంగు ఊడి ఇనుము బయటపడ్డ చోట సాయంత్రం నీళ్లు తగిలితే తెల్లారేసరికి నారింజరంగు పొర కట్టేస్తోంది. కాకినాడ గాలికి అంత తొందర. చివరికి కుదిరిన పద్ధతి ఇది: రంగు ఉన్న చోట తడిపి రుద్దడం, తుప్పు ఉన్న చోట మాత్రం వైర్ బ్రష్షుతో, 80 నంబరు పేపరుతో పొడిగా గీకడం, గీకిన వెంటనే టర్పెంటాయిల్ ముంచిన గుడ్డతో తుడవడం, తుప్పు పట్టకుండా రంగుకి అడుగున వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఆ పూటే పూసెయ్యడం. రేపు పూద్దాంలే అంటే గీకిందంతా వృథా. వెనక ఎడమకాలి దగ్గర తుప్పు గీకుతూ పోతే రేకే అయిపోయింది, రూపాయి బిళ్ల పట్టేంత బెజ్జం. అక్కడ లోపలి నుంచి రేకుముక్క ఆనించి, బెజ్జాలు పూడ్చే ఎం-సీల్ ముద్ద పిసికి అద్దాను. గట్టిపడ్డాక దాన్ని గీకి చదును చేస్తే, ఇప్పుడు ఆ కాలే మిగతా మూడింటికన్నా గట్టిగా ఉంది.

సొట్టలకి లప్పం పెట్టాలి. గోడల లప్పం ఇనుము మీద నిలవదు. కార్ల డెంటింగ్ షెడ్డుల్లో వాడే లప్పం ఉంటుంది, అది గట్టిపడడానికి దాన్లో హార్డెనర్ కలపాలి. మొదటిసారి హార్డెనర్ ఎక్కువేశాను. రెండు సొట్టలు పూడ్చేలోపే లప్పం, కలుపుకున్న రేకుకే అతుక్కుని రాయైపోయింది. తర్వాత నిమ్మకాయంత ముద్దకి బఠాణీగింజంత చొప్పున కలుపుకుంటే సరిపోయింది. మెలిక ఏమిటంటే, ఆ సొట్టల్లో ఒకటి నా చిన్నప్పుడు తమ్ముడు క్రికెట్ బంతితో కొట్టిందని అమ్మ, కాదు నేను స్టూలుతో కొట్టిందని తమ్ముడు ఫోన్లో. పూడ్చాక ఆ కేసు కొట్టేశాం.

రంగు ఎంచుకోవడానికి షాపులో ఇచ్చిన షేడ్ కార్డు తెచ్చాను. నాకు ఇప్పుడందరూ వేయించుకుంటున్న ఆ వెలిసిన సన్నాకుపచ్చ ఇష్టం. అమ్మకి ఆ రంగుల పేర్లేవీ తలకెక్కలేదు. లోపలికెళ్లి తన ఉప్పాడ చీర తెచ్చి, "ఈ అంచు రంగు ఉందా?" అంది. నెమలికంఠం. నేను అనుకున్నదానికన్నా ఆ రంగే బాగుందని ఒప్పుకోడానికి నాకు ఒక రాత్రి పట్టింది. మర్నాడు చీరే పట్టుకుని షాపుకెళ్లాం. ట్యూబులైటు కింద ఒకటి కలిసింది, అది పట్టుకుని రోడ్డు మీదికొచ్చి ఎండలో చూస్తే ఒట్టి నీలం. నాలుగోది కలిసింది. మెరిసే రకం కాకుండా శాటిన్ ఫినిష్ తీసుకున్నాను. నలభై ఏళ్ల రేకు, ఎంత లప్పం పెట్టినా ఎత్తుపల్లాలుంటాయి, మెరిసేది వేస్తే ప్రతి సొట్టా అద్దంలో మొహంలా కనిపిస్తుంది.

షాపులో రెండు లీటర్లు పట్టుకెళ్లమన్నారు. నేను ముందే లెక్క వేసుకున్నాను. ముందువైపు, రెండు పక్కలు, పైభాగం కలిపితే సుమారు 44 చదరపు అడుగులు, అంటే నాలుగు చదరపు మీటర్లు. ఎనామిల్ లీటరుకి ఒక కోటుకి పది చదరపు మీటర్లు తేలిగ్గా వస్తుంది. రెండు కోట్లకి లీటరు ఎక్కువే. వెనకవైపు గోడకి ఆనుకునేది కాబట్టి ప్రైమర్‌తో సరి.

ఇంత లెక్కలు వేసినదాన్ని రంగు పలచన చేసే థిన్నర్ దగ్గర బోల్తాపడ్డాను. "థిన్నర్ ఒక సీసా ఇవ్వు" అన్నాను, షాపు కుర్రాడు ఇచ్చాడు, నేను పేరు చూసుకోలేదు. అది ఎన్‌సీ థిన్నర్. చెక్కకి వేసే లక్కరుకీ, స్ప్రే రంగులకీ వాడేది. ఎనామిల్‌లో కలపాల్సింది టర్పెంటాయిల్. బుధవారం పొద్దున అబ్బాయిని స్నానానికి పంపి, నాలుగంగుళాల స్పాంజి రోలర్‌తో ఎడమపక్క రేకు మీద మొదటి కోటు వేశాను. ఎంత నున్నగా వచ్చిందో అని ఫోటో తీసి తమ్ముడికి పంపాను కూడా. కాఫీ తాగొచ్చి చూస్తే, కాగిన పాల మీద మీగడని గరిటెతో ఒక పక్కకి తోసినట్టు, రంగంతా ముడతలు ముడతలుగా లేచి ఉంది. ఆ ఘాటైన థిన్నర్ కింద ఉన్న పాత ఎనామిల్‌ని నానబెట్టి పైకి లేపేసింది. వేలు పెడితే మూడు పొరలూ కలిసి ఊడొచ్చాయి.

ఏడుపొచ్చింది. ఆఫీసు మీటింగ్ కూడా అదే టైముకి. కెమెరా ఆపుకుని కూర్చున్నాను.

మేస్త్రీ వచ్చి చూసి తిట్టలేదు. "రెండ్రోజులు దాన్ని ముట్టుకోకండి. పూర్తిగా ఎండిపోనిచ్చి అప్పుడు గీకండి. పచ్చిగా గీకితే జిగురులా పేపరుకే అంటుకుంటది" అన్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు, అది నాకు డబ్బా మీద ఎక్కడా కనిపించలేదు: జనవరిలో పొద్దెక్కాక మొదలుపెట్టి, మూడింటికల్లా ఆపెయ్యాలట. సాయంత్రం మంచు దిగితే పచ్చి రంగు మీద తడి కూర్చుని, మర్నాటికి బూజు పట్టినట్టు వెలవెలబోతుంది.

శనివారం మళ్లీ గీకుడు, ప్రైమర్. ఆదివారం టర్పెంటాయిల్ కలిపిన రంగుతో పక్కలు వేశాను. ఎక్కడా లేవలేదు. ధైర్యం వచ్చి ముందుతలుపులకి వచ్చాను. కుడి తలుపు బాగా వచ్చింది. అద్దం చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి పేపరు కప్పాను కాబట్టి ఇబ్బంది లేదు. ఎడమ తలుపు, హ్యాండిల్‌కి జానెడు పైన, అరచెయ్యంత మేర రంగు నిలవడం లేదు. తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా తప్పుకుంటోంది. మళ్లీ రోలర్ పెడితే మళ్లీ తప్పుకుంటోంది. చిన్న చిన్న చేపకళ్లు.

అది అమ్మ బొట్టు పెట్టే చోటు.

నలభై ఏళ్లుగా ప్రతి శుక్రవారం అమ్మ అక్కడ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. ఊరికే పెడితే రాలిపోతోందని కుంకుమని నువ్వులనూనెతో తడిపి పెడుతుంది. లెక్కేస్తే రెండు వేల శుక్రవారాల నూనె. మొదటి రోజు బీరువా అంతా సర్ఫు నీళ్లతో కడిగినప్పుడు, "అక్కడ పీచు పెట్టి రుద్దకే, మెత్తగా తుడువు చాలు" అంది. తుడిచాను. ఆ పైన ఎమరీ పేపరుతో రుద్దాను. రుద్దడం వల్ల జిడ్డు పోదు, గీతల్లోకి ఇంకా లోపలికి పోతుంది. ముందు జిడ్డు వదిలించాలి, తర్వాతే గీకాలి. ఆ వరస ఎక్కడ తప్పినా రంగే చెప్పేస్తుంది.

అమ్మని పిలిచి చూపించాను. కాసేపు చూసి, "అమ్మవారికి ఆ రంగు నచ్చలేదేమో" అంది. నవ్వుతూ అందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలీదు.

ఆ ముక్క వరకు పచ్చిరంగు తుడిచేసి, టర్పెంటాయిల్ గుడ్డతో నాలుగుసార్లు తుడిచాను, ప్రతిసారీ గుడ్డ మార్చి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డుని పక్కకి పులమడమే. తర్వాత అంట్లు తోమే సబ్బు, వేడినీళ్లు, ఈసారి పీచు పెట్టే. అమ్మ ఆ సమయానికి కావాలనే గుడికి వెళ్లింది. ఆరాక నీళ్లు చల్లి చూశాను. నీళ్లు చుక్కలు కట్టకుండా పలచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. పోయింది. 320 నంబరు పేపరుతో రుద్ది, ప్రైమర్ పలచగా వేసి, మర్నాడు రంగు వేశాను. ఆ చోటు ఎక్కడో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలీదు.

రెండో కోటు మంగళవారం. దాని గురించి చెప్పడానికేమీ లేదు, అంత బాగా జరిగింది. హ్యాండిల్ మాత్రం విప్పడం మా వల్ల కాలేదు. మరలు తుప్పుపట్టి, కుట్టుమిషను నూనె రెండు రాత్రులు పోసినా కదల్లేదు. బలవంతం చేస్తే లోపల తలుపుని పైకీ కిందకీ బిగించే కడ్డీలు పాడవుతాయని వదిలేసి, దాని చుట్టూ సన్నబ్రష్షుతో తిప్పుకుంటూ వేశాను. దగ్గరికెళ్లి చూస్తే ఒక చోట చెయ్యి వణికినట్టు తెలుస్తుంది. లోపలి భాగం అమ్మ వెయ్యనివ్వలేదు, నాకూ అదే మంచిదనిపించింది. మూసి ఉండే చోట రంగు వాసన నెలలు పోదు, చీరలకి పడుతుంది.

ఆ రాత్రి ముట్టుకుంటే అంటుకోవడం లేదు కదా అని, బల్లులు దూరతాయని తలుపులు మూసేశాను. పొద్దున తీస్తే రావు. తలుపు అంచూ చట్రం అంచూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మా ఆయన లాగితే పటక్‌మని చప్పుడు చేస్తూ వచ్చింది, కుడి అంచులో అంగుళంన్నర పొడవునా రంగు చట్రానికి ఉండిపోయింది. ఎనామిల్ పైకి ఒక పూటలో ఆరుతుంది గానీ లోపల గట్టిపడడానికి వారం పైనే పడుతుంది. సన్నబ్రష్షుతో దాన్ని సరిచేసి, తలుపులు ఓరగా తెరిచి మధ్యలో బట్టల క్లిప్పులు పెట్టి ఉంచాను. బల్లులు దూరితే దూరాయి.

మొత్తం 2,900 అయింది. అందులో పనికిరాని థిన్నర్, రాయైపోయిన లప్పం, టర్పెంటాయిల్‌లో నానబెట్టకుండా వదిలేసి పాడుచేసిన రెండు రోలర్లు, ఇవన్నీ నా చదువుకి కట్టిన ఫీజు కింద రాసుకున్నాను. మేస్త్రీకి డబ్బివ్వబోతే తీసుకోలేదు, అమ్మ అరిసెలు, జంతికలు కట్టిచ్చింది.

జనవరి 30, గురువారం. మళ్లీ అదే దుప్పటి, అదే నలుగురు. నైరుతి మూలలో ఉత్తరం వైపు చూసేట్టు పెట్టాం. ఈసారి కాళ్ల కింద టేకుముక్కలు వేశాను, గచ్చు కడిగినప్పుడు నీళ్లు తగలకుండా. చీరలు ఇంకో వారం దాకా సర్దొద్దని అమ్మకి రెండుసార్లు చెప్పాను.

మర్నాడు శుక్రవారం. నేను లాప్‌టాప్ ముందున్నాను. తలంటుకుని, పళ్లెం పట్టుకుని అమ్మ బీరువా దగ్గరికి వెళ్లడం కనిపించింది. నా గుండె ఆగినంత పనైంది. లేచి వెళ్లేలోపే, కచ్చితంగా అదే చోట, హ్యాండిల్‌కి జానెడు పైన, పసుపు రాసేసింది. కుంకుమలో వేలు ముంచుతూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"నీళ్లతోనే తడిపాన్లే."